ముప్ఫై ఇద్దరు డీలర్లను కూర్చోబెట్టిన ‘వరుస మేడమ్’ గారికి

1989 జూన్ 12వ తేదీ సోమవారం ఉదయం మన ఫ్యాన్ల కర్మాగారం ఫిర్యాదుల విభాగంలో గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి, ఈ నెలాఖరున పదవీ విరమణ పొందనున్న నేటి వరకు, మా ‘వరుస మేడమ్’ గారు గొంతు పెంచగా విన్నవారు ఈ సంస్థలో లేరు. గొంతు పెంచినవారిని వరుసగా మాట్లాడించడమే వారి ఉద్యోగమైంది. ఆ పేరూ అలా వచ్చిందే.

“మీ ఫిర్యాదు అందినది” అని అచ్చువేసిన కార్డులపై ముద్ర కొట్టి పంపడం తొలినాళ్ళలో వారికి అప్పగించిన పని. అంతటితో చేతులు దులుపుకోవడం వారికి చేతకాలేదు. కార్డులోని ఖాళీ స్థలంలో ఆ ఫిర్యాదును తమ మాటల్లో రాసి, “మీరు చెప్పినది ఇదేనా?” అని అడిగేవారు. పై అధికారి ఎంత విసుక్కున్నా డీలర్లు ఆ చేతిరాతను గుర్తుపట్టసాగారు. పదేళ్ళు తిరిగేసరికి డీలర్ల వ్యవహారాల అధికారిణి పదవి వారిని వెతుక్కుంటూ వచ్చింది.

అసలు పరీక్ష 2004లో ఎదురైంది. కొత్త రకం ఫ్యాను మోగుతోందని డీలర్లు, మోగదని కర్మాగారం ఏడాదిపాటు వాదించుకున్నాక, ముప్ఫై ఇద్దరు డీలర్లు ఇక మీ సరుకు అమ్మబోమంటూ ఉత్తరాలు రాసి జేబుల్లో పెట్టుకుని, తాడోపేడో తేల్చుకోవడానికి బయలుదేరారు. వారు తప్పుకుంటే ఆ ఫ్యాన్లు తయారయ్యే షెడ్డు మూతపడుతుంది; అందులోని నూట పదిమంది ఇంటిదారి పట్టాలి. సమావేశం నడిపే భారం మేడమ్‌గారి మీద పడింది.

వారు చేసిన మొదటి పని, తిరిగొచ్చిన ఫ్యాన్లలో ఒకదాన్ని ఇంటికి తీసుకెళ్ళి అత్తగారి గదిలో బిగించడం. భోజనం చేసి కునుకు తీయబోయిన పెద్దావిడ అరగంటకే లేచి కూర్చున్నారట.

“అమ్మాయ్, జోరుగా తిరిగితే బుద్ధిగానే ఉంది. చలేస్తోందని తగ్గించానో లేదో, నా మోకాళ్ళలా టకటకమంటోంది. చేసినవాళ్ళు ఒక్కరోజైనా దీని కింద పడుకున్నారా?”

రహస్యం తెలిసినా మేడమ్‌గారు పెదవి విప్పలేదు. మన ముఖ్య ఇంజనీరుగారు పట్టిన కుందేటికి మూడే కాళ్ళని అందరికీ తెలుసు. ఒకరు చెబితే వినే మనిషి కారు, తామే కనుక్కోవాలి.

సమావేశం నాడు వేదిక తీయించి, కుర్చీలు గుండ్రంగా వేయించి, నడినెత్తిన అదే ఫ్యాను బిగింపజేశారు. వారి షరతు ఒక్కటే: ఎదుటివారి మాటను వారు “అవును, అదే” అనేలా తిరిగి చెప్పిన తరువాతే జవాబు.

“ఫ్యాను కాదండీ, గిలక్కాయ! కొన్నవాళ్ళు కొట్టు ముందు నిలబడి తిడుతున్నారు,” అన్నారు డీలర్లలో పెద్దాయన.

“మా పరీక్షలో ఒక్కటీ మోగలేదు. మీవాళ్ళకి బిగించడం రాదు,” అన్నారు ఇంజనీరుగారు.

“ముందు ఆయన మాట చెప్పండి సార్,” అన్నారు మేడమ్‌గారు.

“ఫ్యాను మోగుతోంది. అంతేగా?”

“అంతే కాదు. నెమ్మదిగా పెడితే మోగుతోంది,” అన్నారు పెద్దాయన.

మేడమ్‌గారు మళ్ళీ ఇంజనీరుగారి వైపే చూశారు.

“నెమ్మదిగా పెడితే మోగు...” ఇంజనీరుగారి మాట సగంలో ఆగింది. లేచి, స్వయంగా రెగ్యులేటర్ తిప్పారు. ఫుల్లులో నిశ్శబ్దం. రెండులో టకటక. ముప్ఫై ఇద్దరూ తలలెత్తి చూశారు.

“మేం ఎప్పుడూ ఫుల్లులోనే పెట్టి చూశామండీ,” అన్నారాయన. “తప్పు మాదే.”

ఆ ఒక్క మాటకు హాలంతా చప్పట్లు మోగాయి. మోగిన ప్రతి ఫ్యానునూ మార్చి ఇస్తామని, ఇకపై ప్రతి వేగంలోనూ పరీక్షించాకే పంపుతామని అక్కడికక్కడే రాతపూర్వకంగా ఒప్పందం కుదిరింది. ముప్ఫై రెండు ఉత్తరాలూ జేబులు దాటలేదు. “నెలకోసారి మమ్మల్నిలా కూర్చోబెట్టండమ్మా,” అని పెద్దాయన కోరగా మొదలైన ఆ నెలవారీ సమావేశాలు నేటికీ తప్పలేదు. మేడమ్‌గారు ఆ విభాగానికే అధిపతి అయ్యారు.

ఈ వ్యాసం సిద్ధమవుతోందని తెలిసి, ఆ షెడ్డు ఫోర్‌మన్ ఒక కాగితం తెచ్చి ఇచ్చారు. నూట పది సంతకాలు. కొందరు రిటైరయ్యారు, వారి ఇళ్ళకు వెళ్ళి చేయించారు. కొందరు లేరు, వారి పిల్లలు చేశారు. మేడమ్‌గారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో, తమవారి నడుమ నిండు నూరేళ్ళు హాయిగా జీవించాలని కోరుకుంటున్నది మేమొక్కరమే కాదు. ఆనాడు పొయ్యి ఆరని నూట పది ఇళ్ళు.