దుర్గారావు పంపిన బియ్యం

పొద్దున్న పదవుతోంది. మబ్బేసింది గాని సినుకు లేదు, ఒకటే ఉక్క. ఆ ఫేను కింద కూకో, జోగమ్మా. ఆ బస్తాల వైపు అలా సూడకు. నానూ పొద్దున్నుంచి అటు సూడకుండానే వంకాయలు తరుగుతన్నాను.

మీ ఆయన గవర్రాజు దినం నిన్ననే కదా అయింది. ఇంటి దగ్గర ఉండాల్సింది. సరే, వచ్చావు. ఇంత తిని వెళ్ళు.

వద్దా. సరే.

బియ్యం ఎవరు పంపారని అడుగుతావేటి. మన అన్నదానం షెడ్డు సంగతి నీకు తెలీనిదా? పుట్టినరోజని ఒకరు, సంవత్సరీకమని ఒకరు ఇచ్చేవారు. కూర్మన్నపాలెం ఆడోళ్ళు ఇంటింటికీ తిరిగి గిద్దెడు గిద్దెడు పప్పు పోగేసి తెచ్చేవారు. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళల్లోనే కటకట. అలా పప్పు తెచ్చిన మనిషే ఒకరోజు కంచం పట్టుకుని లైన్లో నిలబడింది. నాను మొహం పక్కకి తిప్పుకుని వడ్డించాను.

గాజువాక కొట్టాయన అరువు ఆపేసాడు. పప్పులో నీళ్ళు పోసాను. ఇంకొంచెం పోసాను. "అప్పా, ఇది పప్పా, పప్పు కడిగిన నీళ్ళా?" అన్నది మీ గవర్రాజే. అందరూ నవ్వారు. నానూ నవ్వాను.

మర్నాడు తాళం వేసేసాను. పెందుర్తి నుంచి వచ్చే ముసలాయన ఉన్నాడు కదా, సాయంత్రం దాకా ఆ గడప మీద కంచం పెట్టుకుని కూకున్నాడు. ఇంటికెళ్ళు తాతా అంటే, "పర్లేదమ్మా, రేపు లైన్లో నానే ముందుంటాను" అన్నాడు.

ఆ రేపే దుర్గారావు వచ్చాడు. ఆటోనగర్ షెడ్డులకి రేకులేయించే కంట్రాక్టరు. ఇక్కడ తిన్నోళ్ళని పనికి పంపమన్నాడు. కూలి తక్కువ, షెడ్డుకి బియ్యం ఇత్తానన్నాడు. తిండీ దొరికింది, పనీ దొరికింది, ఇందులో తప్పేటి అనుకున్నాను. పొద్దున్నే వచ్చి లైను పొడుగునా నడిచేవాడు. నువ్వు రా, నువ్వు రా, అని వేలు పెట్టి ఏరుకునేవాడు, సంతలో ఎడ్లని ఏరినట్టు. నాను అటు గంజి పోస్తానే ఉండేదాన్ని.

గవర్రాజుని సూపించింది నానే. బలమైనోడు, తీసుకెళ్ళు బాబూ అన్నాను. పని లేక ఇంట్లో పడున్నాడని నువ్వు ఏడిసావు కదా. నిన్ను అనడం లేదు తల్లీ. జరిగింది సెప్తన్నాను.

ఏటీ?

ఆ మాట నన్ను అడక్కు.

ఉక్కకి తాళలేక సేఫ్టీ బెల్టు తనే విప్పేసాడని కాగితాల్లో రాసేసారా. తప్పు అతనిదే గనక నీకు పైసా రాదని లాయరు అన్నాడా. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఎలా బతకమంటావని నన్నా అడుగుతన్నావు? అతను అలా విప్పేసే మనిషేనా అని నన్నా?

ఉండు. మంచినీళ్ళు తాగనీ.

విప్పడానికి బెల్టు ఉంటే కదా, జోగమ్మా.

ఆ రోజు పైకెక్కినోళ్ళలో ఎవరికీ లేదు. మా అశోక్ సెప్పాడు. వాడూ ఆ రేకుల మీదే ఉన్నాడు కదా. రేకు విరిగింది. మీవాడు కిందకి పోయాడు. మావాడి సేతికి ఇనప గడ్డరు దొరికింది. అంతే తేడా. సాయంత్రం ఇంటికొచ్చి నా కొంగు పట్టుకుని వదల్లేదు, అంత మనిషీ.

మర్నాడు దుర్గారావు ఇక్కడికే వచ్చాడు. నువ్వు కూకున్న ఆ కుర్చీలోనే. ఏడిసాడు కూడా. తరవాత కళ్ళు తుడుసుకుని, "సూర్యకాంతమ్మగారూ, ఏడాది పొడుగునా ఈ షెడ్డుకి బియ్యం నాది. గవర్రాజు పేరు మీదే పెడదాం, బోర్డు రాయిస్తాను. మీవాడు పోలీసు టేసన్లో ఒక్క మాట అంటే సాలు, బెల్టులిచ్చారని" అన్నాడు.

అశోక్ నా మొహం సూసాడు. "ఏటి సెప్పమంటావే అమ్మా?" అన్నాడు.

లైన్లో జనం గుర్తొచ్చారు, ఆ పెందుర్తి ముసలాయన గుర్తొచ్చాడు, అందుకే ఒప్పుకున్నాను అని నీతో అనాలని ఉంది. అబద్ధం. నాకు నా కొడుకు తప్ప ఎవరూ గుర్తు రాలేదు. ఈళ్ళతో వైరమెందుకు, రేపు వీడికి పనెవరిత్తారు అనుకున్నాను. "ఇచ్చారని సెప్పరా" అన్నాను. బియ్యం సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది.

ఏడువ్. కాదంటే తిట్టు. ఏదోటి అను.

నిన్న మనసాగక వాణ్ణి అడిగాను, వెళ్ళి ఉన్నమాట సెప్పేసి రారా అని. అన్నం తిని వెళ్తానన్నాడు. తిన్నాడు. సెయ్యి కడుక్కుని పడుకున్నాడు.

లాయరు దగ్గర నా పేరు సెప్పు. వత్తాను. నువ్వు కళ్ళారా సూసావా అంటారు. సూడలేదు. అంతటితో అయిపోద్ది నా సాక్ష్యం.

బయట జనం వచ్చేసారు. పొయ్యి వెలిగించాలి. ఈ బస్తాలు తిప్పి పంపేయమంటే పంపేత్తాను. నువ్వు ఏటంటే అది. అదీ నీ నెత్తి మీదే పెడతన్నాను, సూడు నా బుద్ధి. నువ్వేటీ అనకు. నానే వండుతాను. వండక ఏటి సేత్తాను?

ఆ రోజు ఇక్కడ గంజి తాగి ఐదుగురు వెళ్ళారు. అబ్బులు ఇంటికొచ్చాడు. చంటి వచ్చాడు. రమణమూర్తి వచ్చాడు, మోకాళ్ళు సెక్కుకుపోయి. నా అశోక్ వచ్చాడు.

వచ్చినోళ్ళు నలుగురూ బెల్టులిచ్చారనే సెప్పారు, జోగమ్మా.