ఆపితే మళ్లీ మొదటికే

నీళ్లు నిండినా ఆగని వాషింగ్ మెషిన్ బోర్డును బల్ల మీద పెట్టుకుని, తప్పు ఎక్కడుందో తెలియక కోడలు పొద్దుటి నుంచీ కుస్తీ పడుతోంది. దానికి ప్రోగ్రాం రాసిన మామగారు పక్కనే కూర్చున్నారు. గంటలో బోర్డు తీసుకెళ్లడానికి కంపెనీవాళ్లు వస్తారు.

"చూడండి మామయ్యా, ప్రోగ్రాంని ఒక లైను దగ్గర ఆపి, తర్వాతి లైనుకి వెళ్లమంటే మళ్లీ మొదటికే పోతోంది."

"అదా! నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వానాకాలం, మా ఆఫీసరుకి పంటినొప్పి..."

"ఇప్పుడు పంటినొప్పి ఎందుకండీ? కేబుల్ మార్చాను, తప్పులు పట్టే డీబగ్గర్ కూడా మార్చాను."

"చెబుతున్నానుగా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వానాకాలం, మా ఆఫీసరుకి..."

"మామయ్యా, నలభై నిమిషాలే ఉన్నాయి!"

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో..."

కోడలు తల పట్టుకుంది. ఈసారి నోరు మెదపలేదు. వానాకాలం గడిచింది, పన్ను పీకించారు, ఆఫీసరుకు బదిలీ అయింది.

"...వెళ్తూ వెళ్తూ నాకు నేర్పాడమ్మా, కాపలా టైమరు పెట్టడం. ప్రోగ్రాం ఒక్క సెకను ఆగినా చచ్చిపోయిందనుకుని మొదటి నుంచి నడిపిస్తుంది. నా బోర్డులన్నిట్లో ఉంటుంది. పరీక్షించేటప్పుడు దాన్ని ఆపేయాలి."

ఆమె టైమరు ఆపేసింది. ప్రోగ్రాం బుద్ధిగా ఒక్కో లైనే కదిలింది. పదో లైనులో తప్పు దొరికిపోయింది.

"ఈ ముక్క ముందే చెప్పకూడదూ?"

"చెప్పనిచ్చావా?"

"సరే గానీ, మీలో ఆ టైమరు ఎక్కడుందో చెప్పండి, అదీ ఆపేస్తాను."

"ముప్పై ఏళ్లుగా మీ అత్తయ్య వెతుకుతూనే ఉంది. అసలు మా పెళ్లయిన కొత్తలో, ఎండాకాలం..."