పోలిరాజు నడుంలో బోల్టులు

“పెద్ద ఇసయమేటి కాదు బావా. పడవలోంచి ఇంజను నానొక్కణ్ణే దించినాను, అంతే. నడుం కాడ టక్కుమంది.”

జాలరిపేట టీ బడ్డీ దగ్గర పోలిరాజు మొదలెట్టాడు. ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాడని సింహాద్రి, శ్రీరామ్మూర్తి జరిగి బల్లమీద చోటిచ్చారు. పక్కనే చేపల తట్ట ముందు కూర్చున్న పోలిరాజు భార్య చిట్టమ్మ తలెత్తలేదు.

“ఎక్స్‌రే సూసి డాక్టరుబాబు అదిరిపోనాడు. కింద వెన్నుపూస ముందుకి జారిపోనాదట. ‘దీంతో ఎలా నిలబడ్డావు పోలిరాజూ’ అన్నాడు. నిలబడ్డమేటి బాబూ, నిన్న వల కూడా లాగినానన్నాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? నా నడుం సూడ్డానికి హైదరాబాదు నుంచి డాక్టర్లు ఇమానంలో దిగిపోనారు!”

“అందరూ నీకోసమేనేటి?” అన్నాడు సింహాద్రి.

“మరి నీకోసమా? ఇనుకో. మత్తుసూది పొడిత్తే సూది వంగిపోనాది. ఉప్పుగాలి కొట్టిన ఒళ్ళు కదా! మత్తొద్దు, కానీండన్నాను. నాను బోర్లా పడుకుని టీ తాగతన్నాను, ఆళ్ళు ఎనకాల కోసుకుంటన్నారు. పూసని ఎనక్కి లాగి మరలు బిగించాలి గదా? బిగించిన మర బిగించినట్టే ఇరిగిపోతంది. ఆసుపత్రిలో ఉన్న మరలన్నీ అయిపోనాయి. ఆఖరికి స్టీలుప్లాంటు నుంచి రైలు పట్టాలకేసే బోల్టులు తెప్పించినారు. ఆటిని ఎత్తడానికి పోర్టు నుంచి క్రేను!”

“ఆపరేషన్ గదిలోకి క్రేనా?” శ్రీరామ్మూర్తికి టీ పొలమారింది.

“కిటికీలోంచి కొక్కెం దించినారు. కొంచెం ఎడంకి, ఇంకొంచెం ఎడంకి అని నానే దారి సెప్పినాను. సాయంత్రానికి లేసి నడిసొత్తంటే హార్బరు కాడ ఓడొకటి ఇసకలో కూరుకుపోయుంది. బోల్టులు పనిసేత్తన్నాయో లేదో సూద్దామని, తాడు నడుంకి కట్టుకుని...”

“కుట్లు మానినాయా బావా?”

వెనకనుంచి వచ్చిందా మాట. మల్కాపురం యేసుదానం. పోర్టులో పనిచేస్తాడు, చేపలకని వచ్చాడు. నడుముకి బెల్టు ఉంది. అతన్ని చూడగానే పోలిరాజు టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

“నువ్వెప్పుడొచ్చినావు?”

“ఇమానం దిగినప్పుడే.” యేసుదానం చిట్టమ్మ వైపు చూసి కాస్త తటపటాయించాడు. “ఆసుపత్రిలో మాయి పక్కపక్క మంచాలు. నాదీ ఇదే జబ్బు. ఆరోజు ముందు బావనే లోపలికి తీసుకెళ్ళాల. బాత్రూంకని ఎల్లి, ఆసుపత్రి గౌనుతోనే ఆటో ఎక్కీసినాడు.”

ఎవరూ నవ్వలేదు. అదే పోలిరాజుకి భరించడం కష్టమైంది.

“ఆపరేషన్ అయిన మనిషని నీ పనంతా మేం సేత్తన్నాం,” అన్నాడు సింహాద్రి మెల్లగా. “ఒదినా, నీకూ తెలుసా?”

చిట్టమ్మ చేప పొలుసు గీరుతూనే ఉంది. “తెలుసు. ఏ మొహంతో సెప్పను?”

పోలిరాజు లేచాడు. కుడికాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేశాడు.

“సెప్పు!” అని అరిచింది చిట్టమ్మ.

అతను కిందికి చూసుకున్నాడు. కుడిపాదం ఉత్తగా ఉంది. చెప్పు బల్ల దగ్గరే ఉండిపోయింది.

“ఊడిపోనాదని తెల్దు,” అన్నాడు.

చిట్టమ్మ చెప్పు తెచ్చి, అందరి ముందూ వంగి అతని కాలికి తొడిగింది. పోలిరాజు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

“ఆపరేషన్‌కి ముందు నాకూ అలాగే తిమ్మిరెక్కిపోయేది బావా,” అన్నాడు యేసుదానం. “నాకూ బయమేసింది. రేపు ఎల్దాం. ఆపరేషన్ గది తలుపుదాకా నానొత్తాను.”

తువ్వాలు వెనకనుంచి వచ్చింది పోలిరాజు గొంతు.

“తలుపుదాకానేనా?”