అన్నం తెచ్చిన పిల్ల

ఒక్క మాట మార్చమనడానికి ఇంత ఎండలో గూడెం నుంచి ఉంగుటూరు వచ్చారా బాబుగారూ? కూర్చోండి. కుర్చీ కుంటుతుంది, గోడకి ఆనించుకోండి. ఇవిగో మంచినీళ్ళు.

ఫొటో కింద ‘పనిపిల్ల’ అని పడింది, ‘అన్నం తెచ్చిన పిల్ల’ అని మార్పించు మరియమ్మా అంటారు. అంతేగా? ఎంత చిన్న మాటండీ!

ఫ్యాక్టరీ రికార్డులు, ఫొటోలు కాలేజీ వాళ్ళకిచ్చింది మీరే. గాజు పని మరుగున పడిపోకూడదు, నాన్నగారి పేరు ఇంటర్నెట్టులో లోకమంతా చూడాలన్నారు. కొల్లేటి పడవల్లో వెలిగిన లాంతరు చిమ్నీలన్నీ మనవేనని చెప్పుకున్నారు. మొహాలు గుర్తుపట్టమని నాకు కబురంపిందీ మీరే.

కాలేజీకి వెళ్ళాను. గీతాంజలి అనే అమ్మాయి ఒక్కో ఫొటో చూపించి, నేను చెప్పిన పేరల్లా కంప్యూటర్లో కొట్టుకుంది.

వీర్రాజు, గాజు ఊదేవాడు. నిత్యానందం, కొలిమి దగ్గర. ఇస్సాకు, మా ఆయన.

పక్కన మా కూతురు ఏంజెల్.

ఇన్నేళ్ళూ మీ ఆఫీసు గోడకి వేలాడిన ఫొటోయే కదండీ! ఫ్రేములో గోరంత కనబడేది పిల్ల. గీతాంజలి కంప్యూటర్లో ఫొటో పెద్దది చేసింది. ఇంకా చేసింది. చేతులు కనబడ్డాయి. తడి గోనె పీలికలు చుట్టి ఉన్నాయి. వేడి చిమ్నీలు మోసేవాళ్ళు చుట్టుకునేవి.

అన్నం తెచ్చే పిల్లకి గోనె పీలికలెందుకండీ?

ఏమన్నారూ? ఆ రోజుల్లో అందరూ పిల్లల్ని పెట్టుకునేవారా? అయితే అదే రాయించండి! ఊహూఁ, అది మాత్రం వద్దంటారు.

వేడి చిమ్నీ పగిలి పిల్ల పావడా అంటుకుంది. ఇనస్పెక్టరుతో మీ నాన్నగారేమన్నారు? ‘తండ్రికి క్యారేజీ తెచ్చింది, కొలిమి దగ్గర కాలు జారింది.’ ఇస్సాకు తలూపాడు. మర్నాడు మళ్ళీ అక్కడికే కదండీ పనికెళ్ళాలి. నేను ఏలూరు ఆసుపత్రిలో బిడ్డ శవం దగ్గరున్నాను. నన్నెవరడిగారు?

అసలు మా ఇంట్లో క్యారేజీ ఎక్కడిది? సత్తుగిన్నెకి గుడ్డ కట్టి పట్టుకెళ్ళేవాడాయన.

బిడ్డని పాతిపెట్టి వచ్చేసరికి గుమ్మంలో ఉంది. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. తళతళలాడుతోంది. ‘మీ పిల్లదేనట’ అని పక్కింటివాళ్ళకి చెప్పి మీ మనిషి పెట్టి వెళ్ళాడట.

పారెయ్యలేదండీ. అటక మీద దాచాను.

అటకేసి చూడకండి, అక్కడ లేదు. నిన్న బస్సెక్కి వెళ్ళి ఆ గీతాంజలి చేతికే ఇచ్చాను. ఫ్యాక్టరీ వస్తువులేమున్నా తెమ్మన్నారుగా? అన్ని వైపులా ఫొటోలు తీసింది. కింద ఏం రాయమంటారండీ అంది. ఇప్పుడు మీకు చెప్పిందే చెప్పాను. తలొంచుకుని కొట్టింది, పాపం.

ఆదివారం కాలేజీ వాళ్ళు ఏలూరులో పెట్టే ప్రదర్శనలో దాన్ని మీ నాన్నగారి ఫొటో పక్కనే పెడతారట.

దండ మీరే వేస్తారటగా? వెయ్యండి. నేనూ వస్తాను. ముందు వరసలోనే కూర్చుంటాను.

అబద్ధమంటారా? అందరి ముందూ మూత తీసి చూపించండి బాబుగారూ. దానికి ఇప్పటిదాకా ఒక్క మెతుకూ అంటలేదు.