చదరపు కారుకి బేరం

అలెగ్జాండ్రియాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక మేడ నీడలో ఆకుపచ్చని పాత రష్యన్ కారు. దాని చుట్టూ ముగ్గురు: యజమాని బహ్గత్, ఆయన భార్య దౌలత్, కారు కొనడానికి కైరో నుంచి వచ్చిన తామిర్.

"...వాన పడితే లోపల గొడుగు వేసుకోవాలి నాయనా. అబద్ధమెందుకు? నీళ్ళు సరిగ్గా ఎడమ పాదం మీదే పడతాయి."

"ఎడమ పాదం మీదేనా బాబాయ్? నిజంగా?"

"నిజంగా. దిగాక మేజోడు పిండుకోవాలి."

"అబ్బ! ఇదీ అసలు సిసలు సరుకంటే!"

"బహ్గత్, కాస్త నోరు మూస్తావా? బాబూ తామిర్, ఆయన మాట వినకు. చుక్క కారదు. పువ్వులా చూసుకున్నాం."

"కారదా పిన్నిగారూ? తలుపులకి కొత్త రబ్బర్లు గానీ వేయించారా?"

"వేయించాం. అదేంటి, మొహం అలా పెట్టావ్?"

"వేయించలేదు! దౌలత్‌కి ఏం తెలుసు? ఇంకా విను నాయనా. ఎడమకి తిప్పితే హారన్ దానంతటదే మోగుతుంది."

"దానంతటదే!"

"పెళ్ళి ఊరేగింపనుకుని బాల్కనీల్లోంచి ఆడవాళ్ళు కేకలు పెడతారు. ఓసారి శవయాత్ర వెనకాల ఎడమకి తిరిగాను."

"తిట్టారా బాబాయ్?"

"తిట్టి ఊరుకుంటారా?"

"ఎంత ముచ్చటగా ఉంది! ఆ మూలలు చూడండి, స్కేలు పెట్టి గీసినట్టు! ఇప్పటి కార్లన్నీ నోట్లో చప్పరించి ఉమ్మేసిన బిళ్ళల్లా ఉంటాయి. ఇది డబ్బా. నిఖార్సయిన డబ్బా."

"ఆ మాట పెళ్ళైన కొత్తలోనే అన్నాను నేను. సబ్బు డబ్బా అన్నాను. మూడ్రోజులు అన్నం ముట్టలేదు ఈయన."

"దౌలత్, ఇటు రా ఒకసారి. వీడేంటే, తిట్టేకొద్దీ ముద్దొస్తోందంటాడు?"

"నీ జాతివాడే. పిచ్చికి పిచ్చి తోడు. నువ్వు తిట్టు, ఇంకా తిట్టు, సాయంత్రానికి అమ్ముడుపోతుంది."

"అయితే నే పొగుడుతాను. తామిర్ బాబూ! దీన్ని మించిన కారు లేదయ్యా!"

"నాకు తెలుసు బాబాయ్!"

"చచ్చాం."

"ఇంత మంచి కారు ఎందుకమ్ముతున్నారు మరి?"

"ఊరికే. విసుగొచ్చింది."

"పుచ్చకాయల బండి."

"దౌలత్!"

"పుచ్చకాయల బండిని గుద్దాడు బాబూ."

"వాడు అడ్డంగా వచ్చాడు."

"బండి ఆగి ఉంది బహ్గత్. వాడు చక్రానికి ఆనుకుని టీ తాగుతున్నాడు. ఒక్క కాయ మిగల్లేదు."

"ఎండ కళ్ళలో పడింది."

"మబ్బు పట్టి ఉంది. కళ్ళ డాక్టరు అక్షరాల బోర్డు చదవమంటే పక్కనున్న క్యాలెండరు చదివాడు. ఇంక స్టీరింగు ముట్టొద్దన్నాడు డాక్టరు."

"ముట్టొద్దనలేదు. ఆలోచించుకోమన్నాడు."

"సరే, ఆలోచించుకో. ఈలోగా అబ్బాయి తీసుకుపోతాడు."

"బాధపడకండి బాబాయ్. కన్నకూతురిలా చూసుకుంటాను. ముందు పైకప్పు కోసేస్తాను."

"ఏంటి?"

"పైకప్పు. రంపంతో. తీసేస్తే గాలి భలే ఆడుతుంది. తర్వాత నేలకి ఆనేంతగా కిందికి దించుతాను."

"మా వీధిలో గుంటలు చూశావా? నేలకి ఆనితే ఈడ్చుకుపోవాలి."

"రోడ్డు మీద నడపడానికి కాదు పిన్నిగారూ, ప్రదర్శనకి. లారీ మీద ఎక్కించుకెళతాం. ముందు భాగమంతా మంటలు."

"మంటలా!"

"రంగువి బాబాయ్. ఎర్రవీ నారింజవీ. లోపల చిరుతపులి తోలు. సీట్లు పీకేసి స్పీకర్లు పెడతాను."

"ఈ వెనక సీటు పీకేస్తావా? ఇదే సీట్లో... దౌలత్, చెప్పు."

"నన్నెందుకు చెప్పమంటావ్?"

"మా నాదియా ఈ సీట్లోనే పుట్టింది నాయనా. ట్రాము అడ్డం వచ్చి ఆగిపోయింది. హారన్ కొట్టలేకపోయాను, ఎడమకి తిప్పే చోటు లేక."

"అద్భుతం! ఆ సంగతి తలుపు మీద రాయిస్తాను!"

"ఏమని రాయిస్తావు బాబూ?"

"ఇందులో ఓ ఆడమనిషి ప్రసవించింది అని. జనం ఎగబడి ఫొటోలు దిగుతారు పిన్నిగారూ!"

"చిరుతపులి తోలు మీదా?"

"అవును!"

"మంచిది. తామిర్ బాబూ, నీకు నిజం చెప్పాలి. ఇది ఒక కారు కాదు."

"మరి?"

"రెండు కార్లు. నడిమికి కోసి అతికించారు. ముందు సగం మాది. వెనక సగం టాక్సీది."

"దౌలత్, ఏం మాట్లాడుతున్నావే?"

"నువ్వు ఊరుకో. ఇన్నాళ్ళు దాచావు చాలు. బాబూ, వెనక సీటెత్తి గోకి చూడు. టాక్సీ పసుపు కనపడకపోతే నన్నడుగు."

"బాబాయ్... పసుపే! ఇంత వయసొచ్చి నన్ను మోసం చేస్తారా? అసలు సిసలుదన్నారు!"

"ఆ మాటన్నది నువ్వు, నాయనా."

"కైరో నుంచి వచ్చానండీ! వానకి కారుతుందని నమ్మించారు! హారన్ మోగుతుందన్నారు!"

"పోనీ, టీ తాగి వెళ్ళు బాబూ."

"మీ టీ వద్దు, మీ టాక్సీ వద్దు!"

"వెళ్ళిపోయాడే దౌలత్! వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు! సరేగానీ, సీటు కింద ఆ పసుపెక్కడిది?"

"మామిడి రసం. మీ అక్క ఒలకబోసింది, నేను తుడవలేదు. ఒలకబోసినావిడే తుడుస్తుందని ఊరుకున్నాను."

"నా దౌలత్! నా బంగారం! అంటే నీకూ దీని మీద ప్రేమ ఉందన్నమాట."

"ప్రేమా? ఈ సబ్బు డబ్బా మీదా?"

"మరెందుకు పంపేశావ్?"

"ఇన్నేళ్ళు దీన్ని తిట్టిందెవరు? నేను. ఎవడో వచ్చి నా పురుడు తలుపు మీద రాయిస్తానంటే ఊరుకుంటానా?"

"ఊరుకోవు. మంచి పని చేశావు. రేపొద్దున్నే తుడుస్తాను. నడపను, ఒట్టు. ఊరికే లోపల కూర్చుంటాను."

"తాళం ఇలా ఇవ్వు."

"దాచేస్తావా?"

"ఇవ్వమన్నాను."

"ఇదిగో. నువ్వెప్పుడూ అడగలేదు కదే..."

"పెళ్ళైన కొత్తలో అడిగాను. ఆడవాళ్ళ చెయ్యి పడితే గేరు అలుగుతుందన్నావు. నాదియా బడికెళ్ళేటప్పుడు అడిగాను. మీ అమ్మ పోయిన రోజు, నువ్వు వణికిపోతుంటే, నేను నడుపుతానన్నాను. టాక్సీ పిలిచావు."

"అదా... అదేదో తమాషాకి... దౌలత్, అటు తలుపెందుకు తీస్తున్నావ్? అది నా వైపు."

"లైసెన్సు నిరుడే తీసుకున్నాను, బహ్గత్. ఎక్కు. ఇన్నేళ్ళు నేను కూర్చున్నట్టే కూర్చో: సంచీ ఒళ్ళో పెట్టుకుని, దారి గురించి ఒక్క మాట మాట్లాడకుండా."