గుండు కింద కంబళి

"అవ్వా, తాత తుపాకి గురి తప్పేదే కాదంట గదా, చెప్పవా?"

ఎవరప్పా నీకు చెప్పింది? మీ నాయనేనా? వాడు అప్పుటికి పుట్టనే లేదు. గురి తప్పేది కాదంట. మొదట్లో తప్పని దినమే లేదు. ఈడ కూర్చో, ఆ చాటలో వేరుశెనగ బుడ్డలు ఉండాయి, ఒలుచుకుంటా విను.

కంప్లి పక్క మా ఎమ్మిగనూరు మెట్ట చేనుకు కాలవ నీళ్ళు వచ్చిన కొత్త. అంతకు ముందు జొన్నలు, కొర్రలే. మీ తాత మొదటిసారి చెరుకు ఏసె. కన్నడంలో కబ్బు అంటాంటిమి, అందరితో పాటు మేమూ. ఏపుగా వచ్చె. ఇంక చూడు, యేటి గడ్డన పొదల్లోంచి పందులు. ఊరపందులు గాదప్పా, అడివి పందులు. తెల్లారేసరికి వచ్చి తినేది కొంచెం, విరిచేది అంతా.

మీ తాతకు వాళ్ళ నాయన ఇచ్చిపోయిన తుపాకి ఉండె. తూటా పెట్టి టక్కుమనిపించేది గాదు. గొట్టం నోట్లో మందు పోసి, దాని మీద గుడ్డో గిడ్డో కూరి, సీసం గుండు ఏసి, చువ్వతో దట్టించి, అప్పుడు కాల్చాల. పైరు కాపలాకని లైసెన్సు ఇచ్చిండ్రి. ఆయప్ప ఎన్నిసార్లు కాల్చినా ఒక్క పందికీ తగల్లే. బావి కాడ ఆడోళ్ళు నాతో అంటారు, "మీ ఆయప్ప పేలిస్తే పందులు పెండ్లి మేళం అనుకొని ఇంకా చుట్టాలను పిల్చుకొస్తాండాయి" అని. నేనూ నవ్వితి. నవ్వక ఏం చేస్తా.

పక్క చేను సుబ్బయ్య గారిది. కోస్తా నుంచి వచ్చినోళ్ళ కాంపులో ఉంటాండె. మంచాయనే. ఇంటికొచ్చి, "ఏమీ అనుకోకండి, ఆ తుపాకీ నా పేరుకి మార్పించండి, నా చెరుకూ పోతోంది కదండీ" అనె. మీ తాత తుపాకి తీసుకొని చేనికి పోయె. మాట గౌడ్రు దాకా పోయె. గౌడ్రంటే మా ఊరికి పటేలు, లైసెన్సు ఎవరికి ఉండాలన్నా ఆయన మాటే. ఆయన ఏమనె, వచ్చే సోమవారం... కాదు కాదు, సోమవారం కంప్లి సంత, ఆదివారమే. ఆదివారం పెద్దమనుషులు మీ ఇంటికాడ కూర్చుంటారు, దూరంగా గట్టు మీద కుండ పెడతాం, కొడితే తుపాకి నీది, కొట్టకపోతే సుబ్బయ్యకు పోతాది అనె.

ఆ పొద్దు మీ తాత సంగటి ముద్ద ముందర పెట్టుకొని ముట్టలేదు. "అది పోతే మా నాయన మళ్ళా పోయినట్లే" అనె.

అందరూ కన్ను చెడిందంటాండ్రి. నేను నమ్మలే. రాయి ఇసిరితే ఎగిరే కాకిని కొట్టేటోడు ఆయప్ప. ఆయప్ప మందు పోసేది చూస్తి. అరచేతిలో వంచుకుంటాడు, ఒకసారి ఇంత, ఒకసారి అంత. కూరేదానికి చేతికి ఏది దొరికితే అది, కొబ్బరి పీచు, కాగితం, నా చిరిగిన రైక గుడ్డ. "ఏమయ్యో, దినానికొక రకంగా ఉప్పేస్తే పులుసు ఒకే రుచి వస్తాదా?" అంటి. "తుపాకేమన్నా నీ పులుసు కుండనా" అని కసిరె. కసిరినాడు గానీ, మరుసటి దినం చేనికి నన్ను గూడా పిల్చుకుపోయె.

పాత ఈతచాప గట్టుకు ఆనించి సున్నంతో చక్రం గీస్తి. వెదురు గొట్టం ముక్క ఒకటి కోసి కొలత పెట్టుకుంటిమి, ఇంక అరచేతిలో వంచేది లేదు. ఆయప్పది ఒకటే పట్టు, మందు ఎక్కువైతే గుండు తిన్నగా పోతాదని. ఏం తిన్నగా. భుజం వాచె, గుండ్లు చాపకు నాలుగు మూలలా పడె. గొట్టం పగిలి మొగమే పోయేదంట, తర్వాత ఎవరో చెప్పిరి. కొలత తగ్గిస్తా వస్తిమి. మరీ తగ్గిస్తే గుండు చాప కిందికే దిగె. నడిమి కొలత కాడ దగ్గర దగ్గరగా రాబట్టె. ఒకసారికి ఒకటే మార్చాలప్పా, అన్నీ కలిపి మారిస్తే ఏది మంచిదో యాడ తెలుస్తాది?

ఆ పైన కూరే గుడ్డ. పీచు పెడితే చెదిరె. కాగితం పెడితే అది కాలి చెత్త అంటుకొని, నేను కొంగు తడిపి కొట్టి ఆర్పాల్సొచ్చె. ఆఖర్న నాకు తట్టె, కంబళి అని. గొర్రె బొచ్చు గదా, గొట్టంలో బిర్రుగా కూర్చుంటాది, కాగితం మాదిరి బిర్నే కాలిపోదు. ఇంట్లో ఉండేది ఒకటే కంబళి, మా అత్తది. ఆయమ్మ పెండ్లికి పుట్టింటోళ్ళు గొర్రెలు కాసే కురుబోళ్ళ దగ్గర నేయించి పెట్టింది, నల్లది. అప్పట్లో మంచి కంబళంటే పొట్టేలు ధర, ఇప్పుటి మాదిరి గాదు. ఆయమ్మ కప్పుకునేది గూడా లేదు, మడిచి పెట్టెలో పెట్టేది.

మూల కాడ ఒక బిళ్ళ కోస్తి. పెట్టి కాలిస్తే గుండ్లు పక్కపక్కనే పడె. మీ తాత చాప కాడికి పరిగెత్తి పోయి చిల్లుల్లో వేలు పెట్టి చూసుకొని, నన్ను చూసి నవ్వె. ఆ నవ్వు కోసరం ఇంకో బిళ్ళ కోస్తి, ఇంకోటి, ఇంకోటి. లోపలి మడతలో కోసేది, పైమడత పైనే పెట్టి పెట్టె మూసేది. చెరుకు ఆడినాక కొత్తది కొనిస్తాములే అనుకుంటి.

ఒకటి మాత్రం నా మతికి రాలే. మా పక్క పంచాయితీ అంటే పెద్దోళ్ళకు కంబళి పరచాల, గద్దుగె అంటారు దాన్ని. ఆదివారం పొద్దున గౌడ్రు, పెద్దమనుషులు వచ్చి నిలబడిరి. మా అత్త పెట్టె తెరిచె. ఆయమ్మ కంబళి తీసుకొచ్చి అందరి ముందర ఇదిలించి పరిచె.

జల్లెడప్పా. కింద నేల అగపడతాంది.

ఎవరూ కూర్చోలే. "ఏనమ్మా ఇదు, ఇదేందమ్మా?" అనె గౌడ్రు. చిల్లుల గద్దుగె పరిస్తే పిల్చి అవమానం చేసినట్లు. వాళ్ళట్లే తిరిగి పోతే తుపాకీ వాళ్ళతోనే పోతాది. మీ తాత తల వంచుకొనె. మా అత్తంటే ఒక చెంబు చోటు మారినా అడిగే మనిషి. కంబళి చూసె, నన్ను చూసె. చూసి, కొంగు సవరించుకొని, "కూర్చోండి గౌడ్రే. నా కొడుకు గుండు తిన్నగా పోవాలంటే కంబళి కావాల్సొచ్చె, నేనే కోసిస్తి. మొగుని తుపాకి కన్నా కంబళి ఎక్కువనా నాకు?" అనె.

గౌడ్రు ఒక చిల్లులో వేలు పెట్టి చూసి, "గుండ్రంగానే కోసినావమ్మా" అని నవ్వి, ముందు ఆయనే కూర్చొనె.

మీ తాత మందు కొలిచి పోసె, బిళ్ళ పెట్టె, గుండు దట్టించె. కొట్టె. కుండ తునకలు తునకలాయె. సుబ్బయ్య గారే ముందు చప్పట్లు కొట్టి, "ఇక నా చేనుకీ మీరే కాపలా అండీ" అనె. కొన్నాళ్ళకే పందులు పడె, మిగిలినవి ఏరు దాటి పోయె, చెరుకు దక్కె.

ఆ ఆదివారం సాయంత్రమే అత్త నన్ను దొడ్లోకి పిలిచె. తిడతాదిలే, పడదామని పోతి. తిట్టె గూడా, "ఇంట్లో గోనెసంచులు లేకపోయెనా నీకు, దొంగదానా" అని. తిట్టినంత తిట్టి, కంబళి నా ముందర పరిచి కత్తెర నా చేతికిచ్చె. "ఇంక దీని మీద ఎవరు కూర్చుంటారు, అంతా కోసెయ్, వానికి అక్కరకొస్తాది" అనె. ఇద్దరం కూర్చొని పొద్దు గుంకేదాకా బిళ్ళలు కోస్తిమి. పుట్టింటి కంబళప్పా అది. నడుమ ఒకసారి ఆయమ్మ ఒక బిళ్ళను ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసుకొనె. నేను చూడనట్లే ఉంటి.

నీకు పెండ్లాం వచ్చినాక మీ అమ్మ గూడా ఆ పిల్లకు అట్లే నిలబడాల. నవ్వద్దు, పోయి చెప్పు మీ అమ్మకు, అవ్వ అనిందని. నూరేండ్లు చల్లగుండు నాయనా, నీ ఇల్లు చల్లగుండ...