గోపాలానికి ఏడో ఇల్లు

అట్టా చూడమాక పిచ్చమ్మా. పటంలోకెక్కి ఏడాది దాటినా నీ చూపు మారలా. ఈ చేతి మీద గీతలేందంటావు, అంతేగా? నీ పిల్లులు చేసిన నిర్వాకమే. పూసుకుందామంటే పసుపు డబ్బా యాడుందో కోడల్ని అడగాల్సి వచ్చె. చెబుతా, నింపాదిగా విను. నీకు మాత్రం ఇప్పుడు వేరే పనేముంది.

వాళ్ళ పిల్లి ఈనింది. వాళ్ళంటే ఎవరు, గోడవతల మీ బావగారు, మా పెదనాన్న కొడుకు గోపాలకృష్ణయ్య. పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పుద్దంటారు గదా, దాని ఖర్మ కాలి ఏడో ఇల్లు మనదైంది. మన మిరపకాయల టిక్కీలు, ఆ బస్తాల వెనక నాలుగు కూనల్ని తెచ్చి పెట్టింది. నీ పిల్లులు రంగి, బొద్దుగాడు ఊరుకుంటారా? ఇల్లు పీకి పందిరేశారు. తల్లి మూడింటిని ఒక్కొక్కటే నోట కరుచుకుని గోడ దూకింది. నాలుగోదాని కోసం మళ్ళీ రాలా. ఎర్రటి మగకూన, ముంగాళ్ళు రెండూ తెల్లన.

మర్నాడు గోడవతల ఏడుపు. వాళ్ళ మనవరాలు యశస్విని లేదూ, అది. "తాతా, నా తెల్లకాళ్ళ పిల్లి ఏదీ" అని. విన్నా. కూన నా ఒళ్ళోనే ఉంది. చెయ్యి చాపి గోడ మీద పెడితే అయిపోయేది. పెట్టలా.

ఎందుకు పెడతా? నువ్వు పోయిన మూడో రోజు ఏం జరిగిందో నీకు తెలవదు. నీ అస్థికలు కృష్ణలో కలిపి నేనిట్టా గడపలో అడుగుపెడుతున్నా, అవతల మైకు పెట్టి ఆ పిల్లకి పుట్టినరోజు చేస్తున్నారు. కేకు కోశారు, చప్పట్లు కొట్టారు. దాయాదులకి పది రోజుల మైల ఉంటదా ఉండదా? ఎంత పగోడైనా మైల పడతాడే. సర్పంచి ఎన్నికల్లో తొమ్మిది ఓట్లతో నేను గెలిచానని పన్నెండేళ్ళు మాటలు మానేశాడు, పోనీ అనుకున్నా. మైల పట్టలేదంటే ఏంది అర్థం? నువ్వు వాళ్ళకి ఏమీ కావని. వాడి పిల్లలకి పురుళ్ళ నాడు నీళ్ళు పోసిన దానివి, ఏమీ కావని. ఆ ముల్లు ఇంకా గొంతులోనే ఉంది నాకు.

అందుకే కూనకి గోపాలం అని పేరు పెట్టా. నవ్వమాక. "ఒరేయ్ గోపాలం, సిగ్గు లేకుండా మంచం కింద పోస్తావేందిరా" అని గోడ దగ్గర నిలబడి అరుస్తుంటే కడుపు చల్లబడేది.

పేరు పెట్టటం తేలికే. నిలుపుకోవాలి గదా. రేపు వాళ్ళొచ్చి పిలిచినా తల తిప్పకూడదు, అంత మనదైపోవాలి, అదీ నా పంతం. తెలివితక్కువగా మొదటిరోజే కూననీ, మన రెండింటినీ ఒకే పళ్ళెం ముందు కూర్చోబెట్టా. బొద్దుగాడు కూన చెవి చీరాడు. విడదీయబోతే నా చెయ్యి ఇట్టా చేసింది రంగి. చేసి, రెండు రోజులు డాబా దిగలా. కూనేమో గోడ వంక చూసి ఒకటే ఏడుపు. అది వెనక్కి పోయిందంటే వాడు గెలిచినట్టే గదా, నాకు అన్నం సయించలా.

కోడలు చందన ఫోనులో చూసి చెప్పింది. "అట్టా ఒక్కసారే కలపకూడదు మామయ్యా. కూనని గదిలో పెట్టి తలుపేయండి. తలుపుకి ఇటు వాటికి, అటు దీనికి తిండి పెట్టండి. రోజూ పళ్ళేలు కాస్త దగ్గరికి జరపండి." ఊళ్ళో ఎన్ని రాజీలు చేసినోణ్ణి నేను, పిల్లుల రాజీకి ఫోను చెప్పినట్టు నడవాల్సి వచ్చె. తొమ్మిది రోజులు ఎండుచేపలు పట్టుకుని ఆ తలుపు దగ్గరే గొంతుక్కూర్చున్నా. నీ కాళ్ళ దగ్గర కూడా అంతసేపు ఎప్పుడూ కూర్చోలా, తెలుసులే.

గుర్రులు తగ్గాయి. తలుపు తీస్తే మళ్ళీ మామూలే. వాసన కలవాలంది చందన. నా తువ్వాలు కూనకి రుద్ది రంగి ముందు వేశా. దాని మీద పోసి పోయింది. వాటికి నేను ఏనాడు లెక్క గనక. నువ్వు పోయిందగ్గర్నించి రెండూ నీ మంచం మీదే పడుకుంటాయి.

అప్పుడు బీరువా తీశా.

ఆ కనకాంబరం రంగు నేతచీర. ఆస్పత్రికి కట్టుకుపోయావే, అది. వాళ్ళు కవర్లో పెట్టి చేతికిచ్చారు. ఉతకొద్దని చందనకి చెప్పి అట్నే దాచా. నీకు చెప్పలేదు గానీ మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు తీసేవాణ్ణి. కుంకుడుకాయ, తాలింపు, నువ్వు మోకాళ్ళకి రాసుకునే తైలం. కాసేపు ముఖం పెట్టుకుని మళ్ళీ కట్టేసేవాణ్ణి. ఎక్కువ పీలిస్తే అయిపోద్దేమోనని.

దాన్ని కూనకి చుట్టా.

రంగి వచ్చింది. చుట్టూ తిరిగింది, కొంగు దగ్గర కూర్చుని చానాసేపు వాసన చూసింది. చూసి చూసి కూన నుదురు నాకింది. రెండు రోజులకి బొద్దుగాడూ దారికొచ్చాడు. ఇప్పుడు మూడూ ఆ చీర మీదే.

నిన్న పొద్దున మనవరాల్ని వెంటబెట్టుకుని వాడొచ్చాడే. పన్నెండేళ్ళకి మన గేటు పట్టుకున్నాడు. మాటల్లేవు గదా, మన ట్రాక్టరు వంక చూసి అన్నాడు, "పిల్ల దాన్నే కలవరిస్తంది. ఇస్తే తీసుకుపోతా." నేనూ ట్రాక్టరుతోనే అన్నా, "పిలుచుకోమను. వస్తే తీసుకుపొమ్మను."

మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. చేపముక్క చూపించి పిలిచాడు. గోపాలం రెండడుగులు వేశాడు. ఆగి, చూసి, వెనక్కి తిరిగి రంగి పొట్ట కిందకి దూరాడు.

"మైల పట్టని ఇంటికి పిల్లి కూడా పోదని చెప్పు" అన్నా. చేపముక్క అక్కడే వదిలేసి లేచాడు వాడు. చిన్నపిల్లకేం తెలుసు, తిన్నగా నన్నే అడిగింది. "బ్రహ్మయ్య తాతా, దానికేం పేరు పెట్టారు?" చెప్పక తప్పలా. "మా తాత పేరే" అని నవ్వింది. ఆ నవ్వొకటి నాకు నచ్చలా. తాత చెయ్యి పట్టుకుని, తిరిగి తిరిగి చూసుకుంటూ పోయింది.

వాళ్ళు మలుపు తిరిగాక నవ్వా. అట్టా నవ్వటం కోసం ఏడాది చూశానే. ఆ సంతోషంతో లోపలికొచ్చి, నీకు చెబుదామని చీర తీశా.

ఎండుచేపల వాసన. పిల్లి వాసన. కొంగు చూశా, కుచ్చిళ్ళు చూశా, అంచు పొడుగూతా మూరమూర చూశా. ఎక్కడా లేవు నువ్వు.

నాకని మిగిలింది అంతే గదా. అది కూడా వాడి మీద గెలవటానికి పెట్టేశా పిచ్చమ్మా.

అదుగో, గోపాలం మళ్ళీ దాని మీదెక్కి పడుకున్నాడు. పడుకోనీలే. లేపితే మాత్రం నువ్వొస్తావా ఏంది.